వంగింది ఒకటి, పగిలింది ఇంకొకటి: విశాఖ ఆటోనగర్ షాపులో రెండు ఆర్‌సీ కార్ ఛాసిస్‌ల పోస్ట్‌మార్టం

ముందు జాబ్ ఏంటో చెప్తా. 1/8 స్కేల్ ఎలక్ట్రిక్ బగ్గీ, అంటే అసలు కారులో ఎనిమిదో వంతు సైజు రిమోట్ కంట్రోల్ (ఆర్‌సీ) కారు, మట్టిలో రాళ్ళలో దూకించే రకం, 4ఎస్ లిపో (నాలుగు సెల్స్ లిథియం పాలిమర్) బ్యాటరీతో కలిపి మూడున్నర కేజీలు తూగుతుంది. దానికి లోకల్‌గా చేయించిన ఛాసిస్ ప్లేట్లు, అంటే కారు మొత్తం కూర్చునే అడుగు ప్లేట్లు, రెండు మా టేబుల్ మీదకి వచ్చాయి, రెండూ 3 ఎంఎం అల్యూమినియం, రెండూ 7075 (బాగా గట్టి రకం అల్యూమినియం గ్రేడ్) అని చెప్పి అమ్మినవే. మొదటిది ముందు కిక్‌అప్ దగ్గర వంగిపోయింది, కిక్‌అప్ అంటే ప్లేటు ముందు భాగం కొంచెం పైకి లేచి ఉంటుంది చూడండి అది. రెండోది వెనక గేర్‌బాక్స్ కింద అడ్డంగా పగిలింది. కారు అదే, నడిపేవాడూ అదే కుర్రాడు, రుషికొండ ఐటీ హిల్ మీద ఉద్యోగం, ఆదివారం వస్తే ఫ్రెండ్సందరూ కలిసి మధురవాడ అవతల ఖాళీ లేఅవుట్లలో తిప్పుతారు.

వాడి కంప్లైంట్ సింపుల్. "ఏటన్నా ఇది, రెండుసార్లూ డూప్లికేట్ మెటీరియల్ అంటగట్టీసారు, నువ్వు మంచి సరుకు తెప్పించి 4 ఎంఎంలో గట్టిగా చేసిచ్చీ, డబ్బులెంతైనా పర్లేదు" అన్నాడు. డబ్బులెంతైనా పర్లేదు అన్న కస్టమర్ గాజువాకలో రోజూ దొరకడు కాబట్టి సరే అనీయొచ్చు, కానీ ఒకటి వంగి ఒకటి పగిలినప్పుడు రెండింటికీ ఒకే కారణం ఉండటం కష్టం, అందుకే ఆర్డర్ రాసుకునే ముందు ప్లేట్లు రెండూ నా దగ్గర వదిలెయ్ తమ్ముడూ అన్నా. స్క్రూలు కూడా విప్పకుండా ఇమ్మన్నా, ఎందుకో తర్వాత చెప్తా.

అసలు ఈ ప్లేటు మీద ఎంత లోడ్ పడుతుందో చాలామందికి అంచనా ఉండదు, బొమ్మ కారే కదా అనుకుంటారు. ఒక మీటరు ఎత్తు నుంచి పడితే నేలకి తగిలేటప్పటికి సెకనుకి 4.4 మీటర్ల స్పీడ్, అంటే గంటకి దాదాపు 16 కిలోమీటర్లు. టైర్లు నొక్కుకుని షాక్‌లు మునిగి మొత్తం ఓ నాలుగు సెంటీమీటర్లలో ఆ స్పీడ్ సున్నా అయిపోవాలి, అంటే సగటునే బరువుకి ఇరవై అయిదు రెట్లు, మూడున్నర కేజీల కారుకి దాదాపు తొంభై కేజీల దెబ్బ. అదీ నాలుగు చక్రాలూ సమంగా దిగితే. వీళ్ళు దూకించేది మీటరు కాదు, దిగేది సమంగానూ కాదు, ముక్కు మీద పడితే మొత్తం కిక్‌అప్ వంపు మీదే పోతుంది, తోక మీద పడితే వెనక గేర్‌బాక్స్ స్క్రూల లైన్ మీద పోతుంది. రెండు ప్లేట్లూ సరిగ్గా ఆ రెండు చోట్లే పోయాయి, అందులో వింతేం లేదు. కారు రూపంలోనే అవి బలహీనమైన చోట్లు, అక్కడ మెటీరియల్‌గానీ పనిగానీ కొంచెం తేడా వచ్చినా అక్కడే బయటపడుతుంది.

మొదట డూప్లికేట్ సంగతి తేల్చాలి. అల్యూమినియం చూసి గ్రేడ్ చెప్పగలం అనేవాళ్ళని నేను నమ్మను, 6061 అనే మామూలు గ్రేడ్ అయినా 7075 అయినా మిల్లింగ్ చేశాక ఒకేలా మెరుస్తాయి. హార్డ్‌నెస్ చూస్తే మాత్రం చాలావరకు దొరికిపోతుంది, 6061-టీ6 (టీ6 అంటే హీట్ ట్రీట్‌మెంట్ చేసిన స్థితి) అయితే రాక్‌వెల్ బి స్కేల్‌లో 60 దగ్గర, 7075-టీ6 అయితే 87 దగ్గర ఉంటుంది, మన దగ్గర షీట్ వ్యాపారులు హెచ్‌ఈ30 అని అమ్మే 6082 కూడా ఆ 6061 పక్కనే కూర్చుంటుంది. రెండు ప్లేట్లకీ మధ్యలో, బ్యాటరీ కూర్చునే చోట చూశాం, రెండూ 85 దాటాయి. అయినా అనుమానం ఎందుకని చిన్న ముక్క ల్యాబ్‌కి పంపి స్పెక్ట్రో (ఏ లోహం ఎంత కలిసిందో చూసే టెస్ట్) కూడా చేయించా, జింక్ అయిదున్నర శాతం చుట్టూ, మెగ్నీషియం రెండున్నర, కాపర్ ఒకటిన్నర, అచ్చంగా 7075. పాపం అమ్మినవాడు అబద్ధం చెప్పలేదు.

కాస్త పక్కకి పోతున్నా గానీ, ఈ 7075 అంటే ఆర్‌సీ వాళ్ళకి ఎందుకంత పిచ్చో చెప్పాలి. జింక్ ఎక్కువగా కలిపే ఈ రకం అల్లాయ్‌ని 1930లలో జపాన్‌లో సుమిటోమో వాళ్ళు తయారుచేశారు, జీరో ఫైటర్ విమానంలో వాడింది ఆ కుటుంబం మెటలే, తర్వాత 1943లో అమెరికాలో అల్కోవా దాన్ని 7075గా తెచ్చింది. లెక్కల్లో చూస్తే 6061-టీ6 ఈల్డ్ (శాశ్వతంగా వంగడం మొదలయ్యే స్ట్రెస్) 276 మెగాపాస్కల్స్ అయితే 7075-టీ6ది 503, దాదాపు డబుల్, బరువు మాత్రం క్యూబిక్ సెంటీమీటర్‌కి 2.70 గ్రాములు, 2.81 గ్రాములు, తేడా లేనట్టే. ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలియనిది ఏంటంటే 7075 వేసినంత మాత్రాన ప్లేటు బిగువు పెరగదు. బిగువుని కొలిచే ఎలాస్టిక్ మాడ్యులస్ 6061ది 69 గిగాపాస్కల్స్, 7075ది 72, అంటే అదే మందంలో, అదే బరువు పెడితే రెండూ ఇంచుమించు ఒకేలా ఊగుతాయి, తేడా ఎక్కడొస్తుందంటే ఎక్కడిదాకా ఊగి మళ్ళీ వెనక్కి రాగలదు అన్న దగ్గర. "అన్నా 7075 వేసినా ఫ్లెక్స్ తగ్గలేదు" అని ఎవరైనా అంటే మెటీరియల్ మోసం కాదు, ఫిజిక్సే అంత. ఇక ఎయిర్‌క్రాఫ్ట్ గ్రేడ్ అని స్టిక్కర్ వేసి అమ్మే సంగతి వదిలేయండి, విమానాల్లో 2024 ఉంటుంది, 6061 ఉంటుంది, 7075 ఉంటుంది, ఆ స్టిక్కర్‌కి అర్థం లేదు.

సరే, మొదటి ప్లేటు, వంగినది. మధ్యలో 85 దాటిన హార్డ్‌నెస్ కిక్‌అప్ వైపు జరిగేకొద్దీ దిగుతూ వచ్చింది, వంపు గీత దగ్గరకి వచ్చేసరికి 50లలో ఉంది. ఒకే షీట్‌లో ఒక పక్క 7075, ఇంకో పక్క మామూలు అల్యూమినియం ఉండదు కదా. పెయింట్ గీకి చూస్తే మా మేస్త్రీ, ఆయన షిప్‌యార్డ్‌లో చేసి రిటైరయ్యాడు, ఒక్క చూపులో "సబ్బు పెట్టీసారు బాబూ" అన్నాడు. ఫ్యాబ్రికేషన్ వాళ్ళకి తెలిసిన పాత పద్ధతే, అల్యూమినియం షీట్ చల్లగా వంచితే చీలుతుంది అనుకుంటే సబ్బు రుద్ది గ్యాస్ టార్చ్ చూపిస్తారు, సబ్బు నల్లబడిందంటే మెటల్ మెత్తబడిందని గుర్తు, అప్పుడు వంచుతారు. గిన్నెలకీ డక్టులకీ బోర్డులకీ అది బ్రహ్మాండమైన పద్ధతి. టీ6కి మాత్రం చావు.

ఎందుకంటే టీ6 అన్న రెండు అక్షరాల్లోనే దాని బలమంతా ఉంది. 7075ని దాదాపు 480 డిగ్రీల్లో ఉంచి, జింక్ మెగ్నీషియం అన్నీ కరిగి కలిసిపోయాక టక్కున నీళ్ళలో ముంచి, తర్వాత 120 డిగ్రీల్లో ఒక రోజంతా, 24 గంటలు పెడతారు. ఆ రోజంతా లోపల జింక్-మెగ్నీషియం కణాలు కంటికి కాదు కదా మామూలు మైక్రోస్కోప్‌కి కూడా కనపడనంత సన్నగా పుడతాయి, మెటల్ పొరలు ఒకదానిమీద ఒకటి జారకుండా ఆపేది అవే. మళ్ళీ 200 డిగ్రీలు దాటించి వేడి చేస్తే అవి కలుసుకుని లావైపోతాయి, లావైతే సంఖ్య తగ్గిపోతుంది, ఆపేవాళ్ళు లేక మెటల్ జారిపోతుంది. సబ్బు నల్లబడేసరికి 200 ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అంటే వీడికి అమ్మినది 7075 ప్లేటే, కానీ ఎక్కువ దెబ్బ పడే అంగుళం మేర మాత్రం దాని బలం తీసేసి ఇచ్చారు. ల్యాండింగ్‌లో అది వంగకపోతే ఆశ్చర్యపడాలి.

చల్లగా వంచొచ్చా అంటే, వంచొచ్చు, కిక్‌అప్ కోణం ఎక్కువుండదు కాబట్టి పెద్ద రేడియస్ పంచ్‌తో మెల్లగా వంచితే 3 ఎంఎం టీ6 తట్టుకుంటుంది. షార్ప్‌గా మడత కావాలంటే మాత్రం మెత్తటి స్థితిలో వంచి తర్వాత మొత్తం ప్లేటుకి హీట్ ట్రీట్‌మెంట్ చేయించాలి, అది ఒక ప్లేటు కోసం ఎవరూ చెయ్యరు.

రెండో ప్లేటు దగ్గరే నేను ఎక్కువ టైం పెట్టా, ఎందుకంటే ఇది నిజంగా బాగా చేసినట్టే కనిపిస్తుంది. కిక్‌అప్ ప్రెస్ మీద చల్లగానే వంచారు, హార్డ్‌నెస్ అంతటా ఒకేలా ఉంది, నల్లటి హార్డ్ అనోడైజింగ్ (అల్యూమినియం మీద కరెంటుతో పెంచే ఆక్సైడ్ పొర), బరువు తగ్గించడానికి పైవైపు ఒకటిన్నర ఎంఎం లోతు పాకెట్లు (మెటల్ తవ్వేసిన గుంటలు), చూడ్డానికి కంపెనీ పీస్‌లా ఉంది. మరి పగిలిందెందుకు?

పగిలిన ముఖం లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూస్తే సగం పైన నున్నగా, ఒక మూల నుంచి అలలు అలలుగా గీతలు, మిగతా సగం గరుకుగా ఉంది. ఆ అలల గీతల్ని బీచ్ మార్కులంటారు, ఫెటీగ్ గుర్తు అది, అంటే ఆఖరి దూకుడుకి ఒక్కసారిగా పగల్లేదు, ఎప్పుడో పగులు మొదలై ప్రతి ల్యాండింగ్‌కీ కొంచెం కొంచెం పెరిగి, మిగిలిన మెటల్ ఇక మోయలేక ఆ రోజు తెగిపోయింది. వాడేమో ఆ రోజు ట్రాక్ మీద ఉన్న రాయిని తిట్టుకుంటున్నాడు.

ఇక్కడొకటి గుర్తుపెట్టుకోవాలి. స్టీల్‌కి ఫలానా స్ట్రెస్ కంటే తక్కువైతే ఎన్నిసార్లు ఊపినా పగలదు అనే హద్దు ఉంటుంది, అల్యూమినియంకి అలాంటి హద్దు లేదు. 7075-టీ6 ఈల్డ్ 503 అని చెప్పుకుంటాం కదా, నునుపుగా పాలిష్ చేసిన శాంపిల్‌ని 50 కోట్ల సార్లు అటూ ఇటూ ఊపే టెస్టులో దానికి ఇచ్చే అంకె 159 మెగాపాస్కల్స్ మాత్రమే. అదీ పాలిష్ చేసిన శాంపిల్‌కి! ఒక ప్లేటులో మామూలు గుండ్రటి రంధ్రం వేస్తేనే దాని అంచున స్ట్రెస్ మూడు రెట్లవుతుంది, ఇది 1898లోనే కిర్ష్ అనే జర్మన్ ఇంజనీర్ లెక్కకట్టి పెట్టాడు. రంధ్రం గుండ్రంగా ఉంటే మూడు రెట్లు, మూల షార్ప్‌గా ఉంటే ఇంకెంతో. షాంపూ ప్యాకెట్‌కి అంచున చిన్న గంటు లేకపోతే పళ్ళతో పీకినా చిరగదు, గంటు ఉంటే రెండు వేళ్ళతో చిరిగిపోతుంది, ప్యాకెట్ కవర్ రెండింట్లో ఒకటే.

మరి ఈ ప్లేటులో గంట్లు ఎక్కడున్నాయో వెతకాలి. డీపీ టెస్ట్ పెట్టాం, డై పెనెట్రెంట్, స్టీల్ ప్లాంట్‌లో షిప్‌యార్డ్‌లో వెల్డింగ్ పనిచేసిన వాళ్ళందరికీ తెలిసిందే, అనోడైజింగ్ తీసేసి క్లీన్ చేసి ఎర్ర రంగు కొట్టి, కాసేపాగి తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఉన్న చోట ఎర్రగా ఊరుతుంది. పగిలిపోయిన లైన్ ఒకటే అనుకున్నాం గానీ, తెల్ల పొడి ఆరేసరికి ఇంకా చాలాచోట్ల ఎర్ర గీతలు లేచాయి. ప్లేటు మొత్తం పగలడానికి లైన్‌లో నిలబడి ఉంది, ఒకటి ముందు పోయింది, అంతే.

ఎక్కువ గీతలు పాకెట్ల మూలల్లో. వెడల్పులో చూస్తే మూల రేడియస్ ఒక ఎంఎం, అంటే 2 ఎంఎం కట్టర్ తిప్పారు, అది ఒక తప్పు. దానికంటే పెద్దది కింద, పాకెట్ గోడ నేలని కలిసే చోట అసలు రేడియస్సే లేదు, ఫ్లాట్ ఎండ్‌మిల్ (అడుగు చదునుగా ఉండే మిల్లింగ్ కట్టర్) అలాగే వదుల్తుంది, గోరుతో తడిమితే తగులుతుంది. 3 ఎంఎం ప్లేటుని ఒకటిన్నరకి దించి, దించిన గట్టునే షార్ప్‌గా వదిలితే, ప్లేటు ఊగిన ప్రతిసారీ ఆ గట్టు దగ్గరే ఊగుతుంది. డ్రాయింగ్ వేసినవాడు పై నుంచి చూసి మూలలు గుండ్రంగా ఉన్నాయి అనుకున్నాడు, పక్క నుంచి సెక్షన్ చూసుకోలేదు.

తర్వాత సీఎస్‌కే రంధ్రాలు, అంటే స్క్రూ తల ప్లేటులోకి మునిగేలా కోన్‌లా తీసే కౌంటర్‌సింక్ రంధ్రాలు. ఈ గేర్‌బాక్స్ కింద నుంచి ఎం4 సీఎస్‌కే స్క్రూలతో బిగుస్తుంది. ఎం4 సీఎస్‌కే అలెన్ స్క్రూ తల ఎత్తే ఇంచుమించు రెండున్నర ఎంఎం, 3 ఎంఎం ప్లేటులో తల మొత్తం ముంచితే దాని పైన నిలువు గోడ అర ఎంఎం మిగుల్తుంది, విమానాల వాళ్ళైతే షీట్ మందంలో మూడింట రెండు వంతులు దాటి కౌంటర్‌సింక్ వెయ్యొద్దంటారు, ఇక్కడ లెక్క ప్రకారం వేసినా దాటిపోయినట్టే. మరి వీళ్ళు తల నేలకి రాసుకోకూడదని ఇంకా లోతుగా తోసేశారు, నిలువు గోడ అన్నది లేకుండా పై అంచు కత్తిలా అయిపోయింది. ఇంకో తమాషా, స్క్రూలు విప్పకుండా ఇమ్మన్నది ఇందుకే, విప్పుతూ ఒక్కొక్క సీటు చూస్తే స్క్రూ రాసుకున్న గుర్తు కోన్ అంతటా లేదు, కోన్ వెడల్పు వైపు అంచున సన్నటి రింగులా ఉంది. మిల్లీమీటర్ల స్క్రూ తల కోణం 90 డిగ్రీలు, కట్టరేమో 82 డిగ్రీలది, అంగుళాల స్క్రూలకి వాడేది, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే సెట్లలో అది ఉంటుంది. దానివల్ల తల మొత్తం సీట్ మీద కూర్చోకుండా అంచు మీద నిలబడి ప్రతి దెబ్బకీ రంధ్రాన్ని తెరవడానికి చూస్తుంది. పైగా వెనక వరస రంధ్రాలు ప్లేటు అంచుకి మరీ దగ్గర, సెంటర్ నుంచి అంచుకి కనీసం రంధ్రం సైజుకి రెండింతలు ఉండాలి అనేది అందరూ పాటించే లెక్క, ఎం4కి 8 ఎంఎం, ఇక్కడ ఆరు కూడా లేదు.

బయటి అంచు చూస్తే నిలువు గీతలు, కింద గడ్డకట్టిన చుక్కలు. లేజర్ కటింగ్. లేజర్ అంటే మెటల్‌ని కరిగించి ఊదెయ్యడమే, 7075 కరిగి గడ్డకట్టేటప్పుడు పగుళ్ళు తెచ్చుకునే రకం, అందుకే దాన్ని వెల్డింగ్ చెయ్యరు, మరి లేజర్ అంచు అంటే సన్నటి వెల్డ్ పొర లాంటిదే కదా, ఆ పొరని మిల్లింగ్‌లో తీసెయ్యకుండా అలాగే ఉంచి పైన నల్ల అనోడైజింగ్ కొట్టారు. అనోడైజింగ్ సంగతి కూడా చెప్పేస్తా, హార్డ్ అనోడైజింగ్ 25 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది, గీతలు పడవు, నిజమే, కానీ అది పింగాణీ జాతి పొర, ప్లేటు వంగితే ముందు అది చిట్లుతుంది, ఆ చిట్లిన గీత కింద మెటల్‌కి గంటులా పనిచేస్తుంది, ఫెటీగ్ బలం దానివల్ల తగ్గుతుందన్నది టెస్టుల్లో తేలిన విషయమే. ఊగని భాగాలకి అది మంచిదే, ఛాసిస్‌కి నేను వద్దంటా.

ఇన్ని చూశాక 4 ఎంఎం మాట ఎత్తితే నేను ఒప్పుకోలేదు. ప్లేటు బిగువు మందం క్యూబ్‌తో పెరుగుతుంది, 3 నుంచి 4కి వెళ్తే 2.37 రెట్లు, వినడానికి బాగుంటుంది. కానీ బరువు నూరు గ్రాములకి పైగా పెరుగుతుంది, స్క్రూలన్నీ పొడుగువి కొనాలి, అన్నిటికంటే ముఖ్యం, ప్లేటు ఊగి తాగాల్సిన దెబ్బ ఎక్కడికో పోవాలి కదా, ప్లాస్టిక్ గేర్‌బాక్స్ కేసులకీ ఆర్మ్‌లకీ పోతుంది. పైగా షార్ప్ మూలలూ కత్తి రంధ్రాలూ అలాగే ఉంచి మందం పెంచితే పగులు కొన్నాళ్ళు లేటవుతుంది, అంతే. "అంటే 3 ఎంఎమ్మే చాలంటావా" అని వాడికి నమ్మకం కుదర్లేదు, సరే అదే మందం అదే గ్రేడ్‌లో చేసి చూపిస్తా, తేడా పని వల్ల వస్తుందో మెటీరియల్ వల్ల వస్తుందో నువ్వే చూసుకో అన్నా.

షీట్ విశాఖలో చిల్లరగా దొరకదు, బయటి నుంచి టెస్ట్ సర్టిఫికెట్‌తో తెప్పించా. ఇక్కడ ఒక చిక్కుంది. మెషినింగ్ చేసేవాళ్ళు 7075-టీ651 అడుగుతారు, అది హీట్ ట్రీట్‌మెంట్ తర్వాత సాగదీసి లోపలి స్ట్రెస్ తీసేసిన ప్లేటు, మిల్లింగ్ చేశాక వంకర పోదు, కానీ అది ఆరు ఎంఎం పైన మందాల్లో వచ్చే సరుకు, 3 ఎంఎంలో మీకొచ్చేది మామూలు టీ6 షీట్. దాంట్లో లోపలి స్ట్రెస్ ఉంటుంది, ఒక పక్కే లోతుగా పాకెట్లు తీస్తే క్లాంప్ విప్పగానే ప్లేటు లేచి కూర్చుంటుంది. మరి ఆ వంకర ప్లేటుని కారుకి బలవంతంగా బిగిస్తే స్క్రూల దగ్గర ఎప్పుడూ ఒక లోడ్ పడే ఉంటుంది, కారు నడపకముందే. అందుకే పాకెట్లు సగం తగ్గించేశా, మిగిలినవి ముప్పావు ఎంఎం లోతే, అవీ మధ్య గీతకి రెండు పక్కలా సమానంగా. వాడు బరువు అడిగాడు, ఓ పాతిక ముప్పై గ్రాములు పెరుగుతుంది, బ్యాటరీ టేపు తగ్గించుకో అన్నా.

షీట్ మీద ఏటవాలుగా లైట్ వేస్తే రోలింగ్ గీతలు కనిపిస్తాయి, కారు పొడవు ఆ గీతల వెంటే వచ్చేలా కోశాం. ఇలా కోస్తే కిక్‌అప్ వంపు గీతలకి అడ్డంగా పడుతుంది, వంచేటప్పుడు చీలదు, నడిచేటప్పుడు కూడా లోడ్ గీతల వెంటే పోతుంది. షీట్ మిగులుతుందని అడ్డంగా సర్దితే రెండూ పోతాయి.

మెషినింగ్‌లో పెద్ద బ్రహ్మవిద్య లేదు గానీ ఓపిక కావాలి. కింద ఒక పాత అల్యూమినియం ప్లేటు వేసి, దాని మీద ఛాసిస్ రంధ్రాల్లోంచే స్క్రూలతో బిగించాం, అంచులు పట్టుకుంటే 3 ఎంఎం షీట్ మధ్యలో లేచి చాటర్ (కట్టర్ అదురు) వస్తుంది. 6 ఎంఎం మూడు ఫ్లూట్ల కార్బైడ్ ఎండ్‌మిల్, అల్యూమినియం కోసం వచ్చే పాలిష్ ఫ్లూట్‌ది, 8000 ఆర్‌పీఎం, నిమిషానికి 960 ఎంఎం ఫీడ్. స్టీల్‌కి వాడే నల్ల టియాల్ఎన్ కోటింగ్ కట్టర్ పెడితే కోటింగ్‌లోనే అల్యూమినియం ఉంది కాబట్టి చిప్ అతుక్కుంటుంది, అతుక్కున్న చిప్ అంచుని చీరేస్తుంది. పాతకాలంలో అల్యూమినియంకి కిరసనాయిలు చిమ్మేవాళ్ళం, ఇప్పుడు సాల్యుబుల్ ఆయిల్ ధార పెడితే సరిపోతోంది. అంచుకి 0.2 ఎంఎం ఉంచి, ఆఖర్న కొత్త కట్టర్‌తో క్లైంబ్ మిల్లింగ్‌లో ఒక్క ఫినిష్ కట్. పాకెట్లకి మూల రేడియస్ 3 ఎంఎం, నేల దగ్గర ఒక ఎంఎం రేడియస్ వచ్చేలా బుల్‌నోజ్ కట్టర్.

సీఎస్‌కేలకి 90 డిగ్రీల కట్టర్, లోతుకి స్టాప్ పెట్టి, స్క్రూ తల ప్లేటుకి జస్ట్ సమానంగా. తల కాస్త నేలకి రాసుకుంటుంది, రాసుకోనీ, స్క్రూ పది రూపాయలు, ప్లేటు పది రూపాయలు కాదు. వెనక అంచుని కొంచెం పొడిగించి 8 ఎంఎం లెక్క కుదిర్చా, బంపర్‌కి ఆ మేరకు గాడి పెట్టాల్సి వచ్చింది.

ఇక అందరూ వదిలేసే పని, అంచులు. రెండు పక్కలా అర ఎంఎం చాంఫర్ (అంచుని ఏటవాలుగా తీయడం), తర్వాత 400 ఎమరీ, తర్వాత 800, చేత్తోనే, అదీ అంచు పొడవు వెంట. అడ్డంగా రుద్దితే నునుపొస్తుంది గానీ ఎమరీ గీతలే లోడ్‌కి అడ్డంగా గంట్లవుతాయి. రంధ్రాల లోపల బర్ (కోసినప్పుడు మిగిలే ముల్లు) ఉంటే అదీ తీశాం. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడికి ఇదంతా చాదస్తంలా అనిపించింది, "ఎవడు చూస్తాడు సార్ అంచు" అని. డీపీ ఎర్ర రంగు చూస్తుంది.

పైన పది మైక్రాన్ల మామూలు అనోడైజింగ్, సీల్ చేసి. అసలు లేకుండా ఇద్దామంటే ఇది విశాఖ, 7075లో కాపర్ ఉంది కాబట్టి ఉప్పు గాలికి గుంటలు పడుతుంది, టీ6 స్థితిలో దానికి స్ట్రెస్ కొరోజన్ (లోడ్, తుప్పు కలిసి పగుళ్ళు తేవడం) బలహీనత కూడా ఉంది. టీ73 అని ఇంకో టెంపర్ (హీట్ ట్రీట్‌మెంట్ స్థితి) ఉంది, కొంత బలం వదులుకుంటే ఆ బాధ చాలా తగ్గుతుంది, పల్చటి షీట్‌లో మనకి చిల్లరగా దొరికితే కళ్ళకద్దుకుని కొంటా. బీచ్‌లో నడిపితే కడగాలి, మంచినీళ్ళతో, స్క్రూల కింద గ్రీజు రాయాలి, ఎందుకంటే స్టీల్ స్క్రూ, అల్యూమినియం, మధ్యలో ఉప్పు తడి కలిస్తే అల్యూమినియమే తింటుంది. ఎర్రమట్టి దిబ్బల మీద నడిపే ఆలోచన కూడా వాళ్ళలో ఒకడికి ఉందట, అది జియో హెరిటేజ్ సైట్ బాబూ కార్లు దూకించే చోటు కాదు అని అదీ చెప్పా.

వానాకాలం అంతా నడిపి ప్లేటు మళ్ళీ తెచ్చాడు. సర్ఫేస్ ప్లేట్ (పక్కా చదునైన బల్ల) మీద పెడితే ముక్కు వైపు ఒక ఎంఎం లోపు వంగింది, ఎప్పుడో గట్టిగా రాయికి కొట్టాడని వాడే చెప్పాడు, అడుగంతా గీతలు, అనోడైజింగ్ చాలావరకు పోయింది. డీపీ పెడితే పాకెట్ మూలల్లో ఏం లేదు, అంచుల్లో ఏం లేదు, వెనక ఒక ఎం4 రంధ్రం దగ్గర మాత్రం సన్నగా ఎర్ర చుక్క వచ్చింది, అది పగులో, కడగని ఉప్పు తిన్న గుంటో తేల్చడానికి రంధ్రాన్ని కొంచెం రీమ్ చేసి మళ్ళీ చూస్తే పోయింది, గుంటే. ఈలోపు వెనక గేర్‌బాక్స్ ప్లాస్టిక్ కేసు ఒకసారి పగిలిందట. ఇంతకుముందు ఆ దెబ్బ ప్లేటు తినేది, ఇప్పుడు కేసు తింటోంది, కేసు మార్చడం చవక కాబట్టి నాకిది సరైన ఏర్పాటే అనిపిస్తోంది, వాడికి కూడా.

దీని తర్వాత వాళ్ళ గ్రూపులో మిగతావాళ్ళు కూడా రావడం మొదలెట్టారు. కార్బన్ ఫైబర్ కావాలన్న వాళ్ళకి నేను చెప్పేది, టార్మాక్ మీద తిరిగే 1/10 టూరింగ్ కారుకైతే అది బాగుంటుంది, రాళ్ళలో దూకించే దానికి వద్దు, అది వంగి చెప్పదు, పొరలు విడిపోయి చెప్తుంది, కోసిన అంచులకి సూపర్ గ్లూ పట్టించాలి, అల్యూమినియంకి నేరుగా తగిలితే మన ఉప్పు గాలిలో అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా కోసేటప్పుడు ఆ ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు, నా షాపులో నీళ్ళు లేకుండా కొయ్యనివ్వను. ఊరికే దూకించుకోవడానికే అయితే నైలాన్ టబ్ ఛాసిస్ ఉన్న కారు కొనుక్కోమంటా, ట్రాక్సస్ స్లాష్ లాంటివి అలాంటివే, వంగి మళ్ళీ మామూలవుతుంది, నా దగ్గరకి రావాల్సిన పనే ఉండదు. కొత్తగా నేర్చుకునే వాళ్ళకి హెచ్‌ఈ30 కూడా చాలు, వంగితే మెల్లగా సరిచేసుకోవచ్చు, 7075ని సరిచెయ్యబోతే చీలుతుంది.

మొన్న ఒకడొచ్చాడు, అచ్చం అదే ప్లేటు కావాలి, కానీ మధ్యలో అడ్డంగా వాడి పేరు, కింద విశాఖపట్నం అని వీ-బిట్‌తో లోతుగా చెక్కమన్నాడు. మధ్యలో చెక్కను అన్నా. వెనక బంపర్ ముందు లోడ్ పడని చోట కావాలంటే పైపైన గీస్తా, లేదంటే డాబాగార్డెన్స్‌లో స్టిక్కర్ వేయించుకో అన్నా. స్టిక్కరే వేయించుకున్నాడు.